నాలుగు పాయింట్ ఆరు

వైశాల్యం నలభై ఒక్క చదరపు కిలోమీటర్లు.
ఎత్తు, సముద్రమట్టం నుంచి వెయ్యి నూట ఇరవై మీటర్లు,
అంటే మన బెంగళూరు కంటే ఓ రెండొందలు పైన.
అక్కడా రాత్రిళ్ళు దుప్పటి కావాల్సిందే అనుకున్నాను
ఏసీ చలికి చున్నీ బిగించుకుంటూ.

కగ్గదాసపుర రైల్వే గేటు పక్క మేడలో మూడో అంతస్తు,
నా కుర్చీ కిటికీకి దూరం.
మధ్య అమెరికాలో ఏదో దేశం, అందులో ఏదో జిల్లా,
దాని అడుగున ఓ ముక్క, మన మండలం లాంటిది.
పేరు మాకెవరికీ నోరు తిరగదు.
షంషాద్ దాన్ని పదిహేడో నంబరంటుంది.
ఆకాశం నుంచి తీసిన ఫొటో మీద
కప్పులు లెక్కపెట్టడం మా పని.
కప్పుకి ఒక చుక్క.
చుక్కకి నాలుగు పాయింట్ ఆరుగురు మనుషులు.
ఆ పాయింట్ ఆరు ఎవరని మొదటి వారం అడిగాను.
"సగటమ్మా" అని నవ్వాడు తంగవేలు సార్.
కడుపులో బిడ్డేమోలే అనుకొని ఊరుకున్నాను.

ఉత్తరాన కొండ. దాని నెత్తిన ఎప్పుడూ మబ్బే.
మబ్బు కింద ఎవరున్నా
ఆ గడిలో "సమాచారం లేదు" అని కొట్టాలి.
ఏరు ఒకటి, తూర్పుకి పోతూ పోతూ
చుక్కల గీతైపోతుంది. ఎండాకాలం నీళ్ళుండవని అర్థం.
మా పాపాఘ్నిని గీస్తే
ఏడాదికి పదకొండు నెలలు చుక్కల్లోనే గీయాలి.

బడి ఒకటి. బంతాట స్థలం, మూలలు అరిగిపోయి.
తీగల వంతెన, దానికన్నా దాని నీడే వెడల్పు.
పొద్దున పది గంటల ఫొటో అది, అయినా మనిషి జాడ లేదు.
అంత ఎత్తు నుంచి మనుషులు ఆనరు,
వాళ్ళు ఆరేసిన బట్టలూ ఆనవు.
రేకుల మెరుపే ఆనవాలు.

ఒక తెల్లటి చదరాన్ని ఇల్లనుకొని చుక్క పెట్టాను.
కాదట. కాఫీ గింజలు ఎండబోసే కళ్ళమట.
నాకు తెలిసుండాల్సింది.
కదిరి రోడ్డు మీద సగం తారు మూసేసి
శనక్కాయలు ఎండబోసి
లారీవాళ్ళతో తిట్లు తిన్నదాన్ని.
చుక్క తీసేశాను. నాలుగు పాయింట్ ఆరుగురు పోయారు.

తర్వాత దొరికింది ఆ దారి.
తోపు అంచు దాకా సన్నగా, గోరుతో గీసినట్టు.
లోపలికెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు.
ఎంత పెద్దది చేసి చూసినా ఆకులే.
కానీ దారికి ఊరికే పుట్టే అలవాటు లేదు.
రోజూ ఎవరో బిందెతోనో, కట్టెల మోపుతోనో,
బడికి ఆలస్యమై పరుగుతోనో
తొక్కితే తప్ప గడ్డి అలా చావదు.
ఆకుల మీద చుక్క పెట్టాను.

"రుజువేదీ?"
"దారి సార్."
"దారిలో ఎవరూ కాపురముండరు, చౌడేశ్వరీ."
టీ తాగొచ్చి చూస్తే చుక్క లేదు.
పదమూడొందల ఎనభై ఒక్కరని ఫైలు మూసేశారు.
ఎనభై ఆరుగురు, నా లెక్కలో.

పది దాటాక ఇంటికొస్తే
ఇనప మెట్ల కింద నోటుబుక్కుతో పుట్టతాయమ్మ.
ట్యాంకరు నీళ్ళ ఖర్చు తలకింతని పంచుతుందామె,
ఈ వేసవిలో మూడోసారి.
"ఎష్టు జన?"
"ఇద్దరమే ఆంటీ. నేనూ మా పిన్నీ."
రెండు అని రాసుకొని, రెండు కిందా గీత గీసింది.

పైన, వాటర్ ట్యాంకు వెనక సందులో
చాప మీద మా ఓబులేసు.
క్యాబ్ దొరికేదాకా అని వచ్చాడు, ఇది నాలుగో నెల.
మోచెయ్యి కళ్ళమీదేసుకొని నిద్రపోతున్నాడు.
మిద్దె మీద మెట్రో పనుల దుమ్ము.
ఆ దుమ్ములో కుళాయి నుంచి ట్యాంకు వెనక్కి
ఉత్తకాళ్ళ దారి,
సన్నగా, గోరుతో గీసినట్టు.

రాత్రిపూట ఊడవకూడదంటారు.
చీపురందుకున్నాను.