కుక్కరు ఆపాక

కేబినెట్ కొన్నది ఒక నవంబరులో, ఆరు దీనార్లకు.
ఏడాదిన్నర అది మంచం కింద
ఎర్రగడ్డలు దాచుకునే పెట్టె.
"కంప్యూటరంటివి, గడ్డలుండాయే లోపల"
అని పెంచలయ్య నవ్వేవాడు.

తర్వాత మదర్‌బోర్డు.
హవల్లీలో మెట్ల మలుపు కాడ కొట్టు.
దుమ్ము ఊదబోతే అబూ నిజార్
నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.
తడి తగలకూడదంట. అప్పుడు తెలిసింది,
ఊపిరి కూడా నీళ్లేనని.

ఓటీ దొరికిన నెల ఒక ముక్క.
దొరకని నెల అబూ నిజార్ కొట్లో ఉత్త టీ.
రంజాన్‌కు ర్యామ్ ఒక పుల్ల,
రెండోది బక్రీదు దాటినాక.
గ్రాఫిక్స్ కార్డు మాత్రం సెకండ్ హ్యాండు:
సాల్మియాలో ఓ పిల్లోడు గేములాడి విసిగి అమ్మింది.
రెక్కల నడుమ వాడి పిల్లి బొచ్చు.
శుక్రవారం పొద్దంతా ఒక్కో వెంట్రుకా తీశాను.

నేను ఏసీ మెకానిక్‌ని.
చల్లగాలి ఏడ దూరాలో, వేడి ఏడ నుంచి పోవాలో
నాకెవరూ చెప్పనక్కర్లేదు.
వీడియోల్లో చెప్పినోళ్లకు
కువైట్ దుమ్ము ఏం తెలుసు?
కంపెనీ పారేసిన ఫిల్టరు స్పాంజి కోసి
ముందు పక్క అతికించాను.
ప్రాసెసర్ మీద పేస్టు బఠానీ గింజంత.
అంతకు మించి పూస్తే అది ముద్దు చేయడం, పని కాదు.

మొదటిసారి మీట నొక్కితే
ఫ్యాన్లన్నీ తిరిగాయి, తెర నల్లగా ఉండిపోయింది.
ఖైతాన్ గదిలో ఎనిమిదిమందిమీ లుంగీల్లో
సావు పలకరింపుకు పోయినట్టు నిలబడ్డాం.
ర్యామ్ పుల్ల సరిగ్గా కూర్చోలేదు, అంతే.
బొటనవేలితో అదిమాను. టక్కుమంది.
ఖాదర్‌వలి, ఎందుకో, చప్పట్లు కొట్టాడు.

గిరాకీ అంతా మా గదే.
యోనా కూతురికి పుట్టినరోజు వీడియో:
"మంచాలు కనపడకూడదన్నా."
ఓబులేసుకు పెండ్లిచూపులు:
"యెనక తాడు మింద గుడ్డలు తియ్యి."
పెంచలయ్యకేమో, "నా పక్కన ఒక కిటికీ పెట్టబ్బీ,
సముద్రం కనపడే కిటికీ."
పెట్టాను. అతని చెంప మీద
ఆ సముద్రపు వెలుతురు కూడా కొంచెం పూశాను.

కుక్కరూ ఇదీ ఒకేసారి నడిస్తే ఫ్యూజ్ పోతుంది,
కింద నుంచి హారిస్ అరుస్తాడు.
అందుకే రెండరింగ్ అన్నాలయ్యాక.
నూటికి పద్నాలుగు. నూటికి పదిహేను.
గురకలు లెక్కపెడుతూ కూర్చుంటాను.

ఇప్పుడు అందరూ అడిగేది ఒకటే:
"ఆ ఏసీ మోత తీసేయ్."
తీయాలంటే ముందు మెషీనుకు
మోత అంటే ఏందో నేర్పాలి.
ఎవరూ మాట్లాడని ఒక్క సెకను ఏరి చూపిస్తే
మిగతాదంతా అదే ఊడ్చుకుంటుంది.

ఎనిమిదిమంది గదిలో
ఎవరూ మాట్లాడని సెకను!

ఒకడు దగ్గుతాడు. గరిటె జారుతుంది.
ఒకడి ఫోన్లో అత్త ఆపదు.
మూడు గంటల ఫుటేజీలో దొరికింది ఒక్కటి:
యోనా "హ్యాపీ బర్త్‌డే బంగారూ" అనేసి
ఊపిన చెయ్యి ఇంకా దించలేదు,
కెమెరా ఆపాలని నాకు తోచలేదు,
అందరూ అతన్నే చూస్తున్నారు.

ఇదిగో, ఇదే మోత, అని చూపించాను.
ఊడ్చింది.
మాటలు మిగిలాయి, బిందెలోంచి పిలిచినట్టు.
ఆ సెకనులో అతని చెయ్యి ఉంది.
గది లేదు.

వెనక్కి తీసుకున్నాను.
ఆ కంప్రెసర్ మార్చింది నేనే,
కాస్త గరగర ఉందని తెలుసు.
మంచాలు తీశాను. తాడు తీశాను.
మోత ఉంచాను, సగానికి తగ్గించి.
యోనా తిడితే పొద్దున చూసుకుందాం.

నూటికి అరవై రెండు.
కేబినెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.
లోపలి నుంచి వచ్చే గాలిలో
ఇప్పటికీ ఎర్రగడ్డల వాసన.