రెండో బొటనవేలు

మసేరులో మా ఆఫీసు తెర మీద
పేర్లుండవు, నంబర్లుంటాయి.
నాలుగువందల పదిహేడు పక్కన
మూడు వారాలుగా పసుపు చుక్క:
నిలకడ లేదు.

భిన్నాల పాఠంలో
అరా పావూ ఇట్టే పట్టేసింది.
మర్నాడు అదే పావు దగ్గర తెల్లమొహం వేసింది.
ఆ మర్నాడు ముప్పావుని పిండి పిప్పి చేసింది.
ఒక్కో ప్రశ్న ముందూ నలభై సెకన్ల మౌనం.

ఆ మౌనాన్ని
యంత్రం ఆసక్తి లేకపోవడం అనుకుంది.
అలా అనుకోమని దానికి నేర్పింది మేమే.
తేలిక లెక్కలు పంపింది,
బొమ్మలు పెద్దవి చేసింది,
చప్పట్ల చప్పుడు కలిపింది.
మొదటి రోజే ఆవిడ చప్పుడు ఆపేసింది.

మొఖేతి అన్నాడు: ఆ నంబరు తీసేద్దాం,
సగటు చెడగొడుతోంది.
నేను టాక్సీ ఎక్కాను.

థెట్సానేలో ఫ్యాక్టరీ గేటు బయట
మధ్యాహ్నం అరగంట.
జీన్సు నీలం గోళ్లలోకి దిగిన ఆడవాళ్లు
ఎండ పడే గోడకి వీపులానించి కూర్చున్నారు.
జూలై చలి.
నాలుగువందల పదిహేడు పేరు మాన్త్సెబో.
అదే దుప్పటి రెండో అంచు కింద లిఖాఫా,
ఫోను లేని మనిషి.

తెరకి ఒక మూల పగులు.
సరిగ్గా అక్కడే 'తర్వాత' అన్న మీట,
మేం పెట్టిన చోటే.
సూదులు దిగి గట్టిపడ్డ వేలికి అది పలకదు.
మూడుసార్లు నొక్కింది.
నేను నోట్‌బుక్ తీశాను,
సిగ్గేసి లోపల పెట్టేశాను.

ప్రశ్న వచ్చింది.
మాన్త్సెబో పైకి చదివింది, సెసోతోలోకి మార్చుకుంటూ.
లిఖాఫా దుమ్ములో గీత గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది.
కాదంటే కాదనుకున్నారు.
పక్కనుంచి ఎవరో నవ్వారు.
నలభై సెకన్లు.
ఇవాళ నొక్కే వంతు లిఖాఫాది.
నిన్న మాన్త్సెబోది.

"హలో మాన్త్సెబో, మళ్లీ ప్రయత్నించు" అంది ఫోను.
"దీనికి నా పేరు తెలీదు పాపం" అంది లిఖాఫా,
కోపం లేకుండా,
కాలు తొక్కిన పసివాణ్ణి అన్నట్టు.

ఆ రాత్రి మీటని పైకి జరిపాను, వెడల్పు చేశాను.
అది తేలిక.
ఒక ఖాతా, ఒక పేరు, ఒక బుర్ర అని
పునాదిలోనే రాసుకున్నాం మరి.
ఒకటిని ఇద్దరికి పంచితే
ఒక్కొక్కరికీ ఒకటి ఎలా వస్తుందో
రేపు మొఖేతికి చెప్పాలి.
ఆ లెక్క నాకే ఇంకా రాలేదు.

ప్రస్తుతానికి
పసుపు చుక్క ఒక్కటి చెరిపాను.