రెండు రొట్టెల లెక్క

తిబిలీసిలో రైలు వంతెన కింద మా రొట్టెల కొట్టుకి
చీకటి విడకముందే వస్తాడు ఒతారి,
ట్రాములు తిరిగిన రోజుల్లో టికెట్లు చింపిన మనిషి.
నాకు రెండు షోతి రొట్టెలు బాకీ.
ఆవేళ టోపీ తీసి బల్లమీద పెట్టాడు,
నాకు పెట్టేముందు.

"మ్జియా, రెండూ ఒకటేనని రుజువు చేస్తే
ఒకదానికే డబ్బులు. సరేనా?"
పిండి చల్లిన బల్లమీద వేలితో రాశాడు.
ఎ, బి సమానం అనుకో.
రెండువైపులా ఎ తో గుణించు.
రెండువైపులా బి వర్గం తీసెయ్.
కారణాంకాలుగా విడగొట్టు:
ఇటు (ఎ + బి)(ఎ − బి)
అటు బి(ఎ − బి).
రెండుచోట్లా ఉన్నదాన్ని కొట్టెయ్.
మిగిలింది, ఎ + బి = బి.
రెండు బి లంటే ఒక బి. రెండంటే ఒకటి.

ఒక రొట్టెకి తెత్రీలు లెక్కపెట్టి
"రేపటిదాకా గడువు" అని వెళ్ళాడు.

తొమ్మిదో తరగతితో ఆగిన చదువు నాది.
చిల్లర మాత్రం ఎన్నడూ తప్పలేదు.
ఇది కాకిలెక్కే, తెలుస్తోంది,
కాకే కనబడదు.
ఆ బల్ల తుడవలేదు. పక్కదానిమీద పిండి పిసికాను.
బావిలాంటి పొయ్యిలోకి నడుం దాకా వంగి
వేడిగోడకి రొట్టె చరుస్తూ
ఒక్కో మెట్టూ కాలితో నొక్కి చూశాను.
అన్నీ గట్టివే.

రాత్రి మూడింటికి, గూడ్సుబండి పోతుంటే,
అక్షరాల మీద విసుగొచ్చి
ఎ కి మూడు ఇచ్చాను. బి కీ మూడు.
మూడు మూళ్ళు తొమ్మిది. అటూ తొమ్మిదే.
అందులోంచి తొమ్మిది తీస్తే

ఆగాను.

మూడులోంచి మూడు.
దోసిలి మూసినట్టు మూసిన ఆ బ్రాకెట్లో
ఉన్నది గుండుసున్నా!
దాన్నా నువ్వు అటూ ఇటూ కొట్టేసింది, ఒతారీ?
సున్నా ముందు అన్నీ సమానమే.
ఆరూ మూడూ ఒకటే, రొట్టే రైలూ ఒకటే.
ముందే పంక్తులన్నీ నిజం, అందుకే
అబద్ధం అంత నిటారుగా నిలబడింది.

ఎవరికి చెప్పను? పిల్లికి చెప్పాను.
అంతలో మాడువాసన.

పొద్దున్నే వచ్చిన మనిషి చెయ్యి పట్టి
బ్రాకెట్ మీద పెట్టించాను.
చాలాసేపు చూశాడు, కొత్తగా చూస్తున్నట్టు.
వేలికంటిన పిండి కోటుకి తుడుచుకుని
రెండో రొట్టె డబ్బులు పెట్టాడు.
"మాడినవి ఎన్ని?"
"రెండు."
"నా లెక్కలో అయితే ఒకటే."

నవ్వు ఆపుకుని చెరొకటీ తీసుకున్నాం.
నల్లటి పెచ్చు గోటితో గీకుతూ, ఎదురెదురుగా,
అతనిది అతను,
నాది నేను.