మూడు పులులు, పదిహేను మేకలు

తాడిపత్రిలో కరెంటు పోతే
ఊరంతా చెవులు సవరించుకుంటాది.
నాపరాళ్ళ మిషన్లు ఒక్కపారి ఆగిపోయి
రెండు వీధుల అవతలి దగ్గు కూడా
చానా దగ్గరగా వినపడతాది.

అందరికీ అది హాయి.
మా మౌలాలికి మాత్రం
అప్పుడే మొదలవుతాది మాటల సంత.

"పాలిష్ మిషన్ తిరిగినంతసేపూ
వాళ్ళ మాట నాకు అందదు వన్నూరక్కా" అనేవాడు.
అందుకే ఎప్పుడూ జీతం పెంచమని అడగలేదు,
ఆదివారం సెలవూ అడగలేదు.
రాతి బురద మోకాళ్ళ దాకా పూసుకొని
ఆ రొదలో తొమ్మిదేండ్లు దాక్కున్నాడు.

యూనిట్ మూతబడినంక
దాక్కునే చోటు పోయింది.

దర్గాలో కట్టించిన తాయెత్తు ఇప్పటికీ ఉంది.
అనంతపురం పెద్దాసుపత్రి మాత్రలూ ఉండాయి.
రెండింటికీ కొట్లాట లేదు,
ఆ కొట్లాటంతా చుట్టాలదే.

సదరం క్యాంపు నాడు
చంకకర్రల నడుమ, మూడు చక్రాల బండ్ల నడుమ
వాడొక్కడే నిటారుగా, సిగ్గుగా నిలబడినాడు.
"కాళ్ళు చేతులు బాగానే ఉండాయి కదమ్మా,
ఈ అబ్బికేం?" అనింది ముందున్న ఆయమ్మ.
నోరు తెరిచినా గానీ ఏం చెప్పాల?
చెవుల్లో కుక్కుకున్న దూది చూపించనా,
రాత్రిళ్ళు బయట నుంచి నేనేసే గొళ్ళెం చూపించనా,
తిండి మాని, తప్పైపోయిందని
గోడను వేడుకున్న మూడు దినాలు చూపించనా?

డాక్టరు అడిగినాడు, రాసినాడు, మళ్ళీ అడిగినాడు.
ఒక శాతం వేసినాడు.
నూటికి ఎంతని బస్సులో వాడు అడిగితే
కాగితం చూపించినా.
"మిగతాది బాగుంది కదా మల్ల" అన్నాడు.
ఆ మిగతాదాన్ని పట్టుకొని
శింగనమల దాటేదాకా నవ్వినాము.

నేను నిద్రపోయి ఎన్నాళ్ళయిందో
ఎవరూ రాసుకోలేదు.
కాగితంలో ఆ గడి లేదు.

రెండో శనివారం మధ్యాహ్నం
ఉర్దూ బడి వసారాలో పదకొండు మందిమి కూసుంటాము.
అక్కడ ఎవరూ "తగ్గిందా?" అని అడగరు.
మాత్రలకు నోరెండుకపోతే ఏం చేయాలో ఒకరు,
చేతులు వణికేవాళ్ళకు గ్లాసు సగమే పోయాలని ఒకరు.
వాళ్ళకూ, వాళ్ళని చూసుకునే మాకూ ఒకటే చాప.
కొత్తగా వచ్చిన పిల్లోడికి మౌలాలే చెప్పినాడు:
"వాళ్ళు తిడితే తిరిగి తిట్టాకు.
పనుంది, మళ్ళా రాపొమ్మను."

ఆ చాప మీదనే
భార్య లచ్చుమక్కను పన్నెండేండ్లుగా చూసుకుంటాండే
నడిపి ఓబులేసన్న నా దిక్కు తిరిగి
"మ్మా, నువ్వు యాపొద్దు పండుకున్యావు?" అన్నాడు.
లెక్కపెట్టబోయి
ఏడ్చినా.

ఆ రాత్రే వచ్చినాడు.
చంకలో చాప, చేతిలో టార్చిలైటు,
జేబునిండా చింతపిక్కలు.
"ఈ రాత్రికి నువ్వు పండుకో.
బేస్తవారం నువ్వు మా లచ్చుమక్క కాడికి రా."
అప్పు మాదిరి కాదు,
మడికి నీళ్ళు వంతులేసుకున్నట్ల చెప్పినాడు.

విరిగిన నాపరాయి మీద బొగ్గుతో
పులిజూదం గీసుకున్నారిద్దరూ.
నేను గొళ్ళెం వేయలేదు.
తల కింద చెయ్యి పెట్టుకున్నంత వరకే తెలుసు.

మెలకువొచ్చేసరికి ఎండ పాదాల మీదుంది.
ఉలిక్కిపడి బయటికి ఉరికినా.
ఓబులేసన్న గోడకానుకొని గురక పెడతాండాడు.
మౌలాలి ఆయన మీద నా పాత చీర కప్పి
ఈగలు తోలతాండాడు.

"ఎవరు గెలిచినార్రా?"

"పులులు అన్నకిచ్చినా అక్కా.
వాళ్ళు కూడా రాత్రంతా ఆ పక్కనే చేరి
ఎట్ల దూకాలో చెప్తానే ఉండిరి.
నేను మేకలు పెట్టుకుంటా పోయినా,
ఒగదాని పక్కన ఒగటి."

వంగి చూసినా.
ఒక పులి ఇంకా కదిలేటట్టే ఉంది.
అన్న లేసినంక ఆడతారంట.

టీ పెట్టినా.
వాడి గ్లాసు సగమే పోసినా.