ఏ పుస్తకం ఎవరికి

ఎర్రగుంట్ల చర్చిలో, ఎడమ గోడకు
ఒక అద్దాల బీరువా.
పై అరలో పాటల పుస్తకాలు.
కింది అరలో హార్మోనియం గుడ్డ, కానుకల సంచి.
నడిమి అర నిండా నవలలు.
బీగంచెవి సమాధానమ్మ కొంగు ముడిలో.

జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో
ముప్పై రెండేండ్లు నర్సు ఆయమ్మ.
పుస్తకం అడిగితే ముందు మొగం చూస్తుంది,
నాలుక చూపమనదు గానీ అంతపని చేస్తుంది.
"నిద్ర పడ్తాందా?
ఇంట్లో ఎవురితోనన్నా మాటల్లేవా?"
ఆ తర్వాతే బీరువా కిర్రుమంటుంది.

ప్రతి అట్ట లోపలా
పెన్సిలుతో ఆయమ్మ గుండ్రటి చేతిరాత:
"అత్తతో పోట్లాడినోళ్లకు. సగం చదివినా చాలు."
"కొత్తగా బాప్తిస్మం తీసుకున్నోళ్లకు వద్దు, బెదురుతారు."
"ఇందులో పాస్టరు మంచోడు గాదు. అయినా చదవండి."
"నూటపదో పుటలో ఏడుపొస్తాది. రానీండి."

నేను బండల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేదాన్ని.
ఆదివారం మధ్యాహ్నం, నాపరాయి దుమ్ము
రెప్పల మీద అట్లనే ఉండంగా చదివేదాన్ని.
అన్నీ ఎక్కడో చలిదేశాల నుంచి
తెలుగులోకి దిగినవే.
వాటిల్లో మంచు కురుస్తాంటాది,
ఆపిల్ చెట్లు పూస్తాంటాయి.
ఇక్కడ మే నెల. కరెంటు లేదు.
ఎవరో పిల్ల పక్కన, గుర్రబ్బండిలో,
కంబళి కప్పుకొని పోతాంటాను నేను.

ఇరవై దాకా చదివినాక చిరాకేసింది.
తాగుబోతు మొగుడు ఆఖరి అధ్యాయంలో
మోకాళ్ల మీద పడ్తాడు.
ఎండిన చేనికి ఆఖరి అధ్యాయంలోనే వాన.
మా ఊర్లో వానకు
అధ్యాయాలు లెక్కబెట్టడం రాదు.

"అక్కా" అన్నా,
"ప్రార్థన చేసినా ఏమీ జరగని కథ
ఒక్కటుంటే ఇయ్యి."

ఈసారి ఆయమ్మ నా మొగం చూడలేదు.
కానుకల సంచి ఎత్తి, దాని అడుగు నుంచి
అట్ట లేని పుస్తకమొకటి తీసింది.
పెన్సిలు రాత ఎక్కడా లేదు.

రెండు రాత్రులు చదివినా.
జ్వరం పట్టిన పిల్లోడు. తడిగుడ్డ మార్చే తల్లి.
డాక్టరు రావాల్సిన దోవ మంచులో మూసుకపోయింది.
దీపంలో నూనె అయిపోవస్తాంది,
తల్లి లేచి నిలబడింది, అప్పుడు

అంతే. అక్కడికి తెగిపోయింది.

"పుటలేవక్కా? చెదలు తిన్న్యాయా?"
"చెదలు ఇంత వాటంగా తింటాయా మే?
నేనే చింపినా.
మా ఆశీర్వాదం పోయిన యేడు.
అందులో పిల్లోడు లేచి పాలడుగుతాడు."

కొంగు ముడేసుకుంటా, కొంచెంసేపటికి:
"పారెయ్యలేదులే.
నా బైబిల్లో, యోబు గ్రంథం కాడ పెట్టినా.
ఎవురన్నా గట్టిగా అడిగితే ఇద్దామని."

నేను గట్టిగా అడగలేదు.

ఇప్పుడు బీగంచెవి నా కొంగులో.
ఆయమ్మ కండ్లకు పొరలొచ్చినాయి.
సాయంత్రాలు పోయి చదివి వినిపిస్తా.
వారం వారం లెక్క అడుగుతుంది:
ఏది ఎవరికిచ్చినావు, ఏం చూసి ఇచ్చినావు?
"ఆ పిల్లకు అదా ఇచ్చేది! మందు మారిస్తే
మనిషికేమైతాదో తెలుసునా?"
ఈ తిట్లకోసమే అప్పుడప్పుడూ తప్పు చెప్తాంటా.

పోయిన ఆదివారం పాలిషింగు మిషను కాడ పనిచేసే
దీనమ్మ వచ్చింది.
మొగుడి రొమ్ములో ఇరవై యేండ్ల బండల దుమ్ము.
ప్రార్థనకు మూడు కూటాలు పెట్టించింది.
బీరువా అద్దంలో తన మొగమే చూసుకుంటా
"ఎవరూ బాగుపడని కథ ఉండాదా?" అనింది.

నిద్ర పడ్తాందా అని నేనడగలేదు.
పాత క్యాలెండరు చింపి
ఆ పుస్తకానికి అట్టేసినా.
లోపల ఏమన్నా రాద్దామని పెన్సిలు పట్టుకుంటే
ఎంతసేపటికీ ఇంతే వచ్చింది:

"మిగతాది సమాధానమ్మ దగ్గరుంది.
గట్టిగా అడగాల."