మైకు నాది

మైకు నాది, బాడుగ రెడ్డిది.
రెండు బాక్సులు, ఒక యాంప్లిఫయరు, నలభై గజాల వైరు,
కరెంటు పంచాయతీ ఆఫీసు కిటికీలోంచి.
పొద్దున ఎనిమిదికే వచ్చి
"హలో, చెక్, ఒకటి, రెండు" అన్నా.
మలిదేవి గట్టు మీది కొంగలు లేచిపోయినాయి.
ఆ రోజు మొదటి అభ్యంతరం వాటిదే,
ఎవురూ రాసుకోలా.

షామియానా కింద ముందు వరస సోఫాలు,
ఎనక ప్లాస్టిక్ కుర్చీలు,
ఆ ఎనక జనం, వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు.
మజ్జిగ ప్యాకెట్లు పంచతా ఉండగానే
పెద్ద సారొచ్చి ఫైలు ముడి విప్పినాడు.
దశరథరామిరెడ్డి ఉప్పుడు బియ్యం మిల్లు
నెల్లూరు టౌన్లోంచి ఈ ఊరి ఉత్తరం పక్క
ఏడెకరాల్లోకి మారేదానికి,
పచ్చ రంగు జోన్ని ఊదా రంగు జోన్ చేసేదానికి
అభ్యంతరాలుంటే చెప్పమన్నాడు.
ఎనక గుడ్డకి మ్యాపు గుచ్చుండారు.
ఊరంతా ఆకుపచ్చ,
ఒక మూల మాత్రం
నేరేడు పండు తొక్కినట్టు.

సర్పంచి రెండు చేతుల్తో మైకు పట్టుకుని
ఉద్యోగాలన్నాడు, తారు రోడ్డన్నాడు.
మాజీ సర్పంచి లాక్కుని
రోడ్డొచ్చేది మనకా లారీలకా అన్నాడు.
ఇద్దరి మధ్యలో వైరు ఊడింది, మళ్ళీ గుచ్చినా.
మాలకొండయ్య కొడుకొచ్చి
"డిగ్రీ అయి మూడేళ్ళు సార్,
వాచ్‌మెన్ పనైనా చేస్తా" అన్నాడు.
మెల్లిగానే అన్నాడు.
ఆ మాటకి నేను సౌండు పెంచాల్సిన పని లేకపోయింది.

పొల్యూషన్ ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకుని
"బూడిద బయటికి రాదు, యంత్రం పెడుతున్నారు,
రిపోర్టులో పదకొండో పేజీ చూడండి" అన్నాడు.
రిపోర్టు ఆయన చేతిలోనే ఉండాది.

అప్పుడు లేచింది పెంచలమ్మ.
లేచింది అనకూడదు, ఆమెకి కుర్చీ యాడుండాది?
స్టాండు ఎత్తయితే దించి ఇచ్చినా.
మైకుని తడిగుడ్డ పట్టుకున్నట్టు పట్టుకునింది.

"మాది గుడ్డలుతికే పని సామీ.
టౌన్లో ఆ మిల్లెనక సందులో మా ఆడబిడ్డ ఉండాది.
ఆరేసిన దుప్పటి తీసి మళ్ళీ నానబెడతాది.
నిరుడు ఆ సందోళ్ళంతా సంతకాలు పెట్టి
బూడిద రాలతా ఉండాదని కాయితం ఇచ్చినారంట.
దానికే గదా మిల్లు ఈడికొచ్చేది?
బూడిద రాదంటే ఆడ్నే ఉండమనండి.
వస్తాదంటే
మా తీగల మీదికెందుకు?"

సోఫాలో ఎవురో దగ్గినారు.
రెడ్డి మేనేజరు నా పక్క చూసి
గాల్లో వేళ్ళు తిప్పినాడు, ఎడం పక్కకి.
బాడుగ ఇంకా చేతికి రాలా నాకు.
తిప్పినా.
అప్పటికే ఆమె చెప్పాల్సింది చెప్పేసింది,
తగ్గిన సౌండులో వినపడింది
"వస్తా సామీ" అన్న మాటొక్కటే.

సాయంత్రం వైరు చుట్టుకుంటా
గుమాస్తా భుజం మీదుగా చూసినా.
సర్పంచి మాటకి పేజీన్నర.
కింద ఒక వరస:
'ఒక మహిళ దుమ్ము గురించి ప్రస్తావించారు.'
పేరు లేదు.

మర్నాడు సోఫా గుడ్డలు మూటగట్టి
కాలవ కాడికి పోయినా.
పెంచలమ్మ లెక్కబెట్టుకునింది, పన్నెండు.
ఒకదానికి మజ్జిగ మరక, ఒకదానికి తాంబూలం.
నిన్నటి సంగతి నేను ఎత్తలా, ఆమె ఎత్తలా.
రెడ్డింటి మూట కూడా ఆడ్నే ఉండాది,
తెల్ల పంచెలు పైకి కనపడతా.

నేను మోపెడ్ తిప్పుకుంటా ఉంటే
ఎనకనించి అడిగింది:
"అబయా కాలేషా,
ఆ పటంలో ఏసింది ఊదా రంగేనా?"
అవునన్నా.

"ఊదా జాస్తి దిగతాది," అనింది,
గుడ్డని బండకేసి కొట్టకముందు ఒక్క నిమిషం ఆగి.
"దాన్ని ఏరేగా నానబెట్టాల.
పచ్చదాంతో కలిపితే
పచ్చది మిగల్దు."

సోమారం రమ్మనింది గుడ్డలకి.