తొట్టి పాసి

బెళుగుప్ప దారిలో బోరు పక్కన
పశువుల సిమెంటు తొట్టి.
ప్రాక్టికల్స్ ముందురోజు వన్నూరప్ప అక్కడికి పోయి
హార్లిక్స్ సీసాలో ఇంత పాసి పట్టుకొస్తాడు.
ఉరవకొండ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా
మా శైవలాల పాఠమంతా ఆ తొట్టిదే.

ఆరింటికే పిల్లల్ని రమ్మంటాను.
ఆ గంటలోనే కదలిక. ఎండెక్కితే చూసేదేమీ ఉండదు.
కటకం కింద ఆకుపచ్చ దారం, గది మీద గది.
ఒక గది మెడ దగ్గర పగిలి మూత లేస్తుంది.
లోపలున్నదంతా ఒకే ముద్దగా
ఇరుకు సందులోంచి ఒళ్లు వంచుకుని బయటికి.
నెత్తిచుట్టూ నూగు వెంట్రుకలు.
ఒక్క ఊపు, ఇక ఈతే.

"తండ్రెవరు సార్?" వెనక బెంచీ నవ్వింది.
తండ్రి లేడు.
ఆ మాటకొస్తే తల్లీ మిగల్లేదు.
తల్లే బిడ్డయి వెళ్లిపోయింది,
చూడండి, ఖాళీ గోడ, గాజు గొట్టంలా.
శిలార్ బీ ఒక్కతే కన్ను తీయలేదు.
"సార్, దిగింది. తల కిందపెట్టి అంటుకునింది."
ఈదిందంతా కలిపి గంట కూడా లేదు.

ఆ ఏడు బోరు ఎండింది.
ఏడొందల అడుగులకీ దుమ్మే లేచింది.
వన్నూరప్ప మాత్రం ఉత్తచేతుల్తో రాలేదు.
తొట్టి అడుగున అప్పడంలా లేచిన పొరను
గోరుతో గీకి, వక్కపొడి డబ్బాలో తెచ్చాడు.
"ఇదీ పాసే సార్. సచ్చిందో పండుకుందో
మీరే జెప్పాల."

నీటిచుక్కలో నానబెట్టి చూశాను.
దారాలు లేవు, పూసలు.
గోడ మీద గోడ కట్టుకుని
తిండి లోపలే దాచుకుని
తుప్పురంగుకు తిరిగిన గదులు.
నూగు లేదు, ఈత లేదు.
వీటికి పుస్తకంలో పేరుంది, అకైనీట్లని.
బోర్డు మీద రాశాను, మార్కులకు పనికొస్తుందని.

వన్నూరప్ప వంగి ఒంటికన్నుతో చూశాడు.
"మా నాయనా ఇంతే సార్. కరువులో
గంజి మానుకుని, మాట మానుకుని
దుప్పటి మీద దుప్పటి కప్పుకున్యాడు.
అయితే ఆయప్ప లేయల్యా."

ఏమనాలో తోచక
సీసాలో నీళ్లు పోసి కిటికీలో పెట్టాను.

తొమ్మిదో రోజు శిలార్ బీనే ముందు చూసింది.
నీళ్లేమీ పచ్చబడలేదు. అంచున ఒక గీత,
కొత్త చీరె రంగు దిగినట్టు.
కటకం కింద, ఒక్క పూస పగిలుంది.

పోయిన మార్చిలో వన్నూరప్ప రిటైరయ్యాడు.
మిగిలిన పొర డబ్బాలోనే, బీరువా పై అరలో.
మూతకు అంటించిన కాగితం మీద అతని రాత:
పాసి. ఎండింది. పారేయొద్దు.